నంద్యాల తిండికి దారేది?

నంద్యాలకో ఆళ్లగడ్డకో మొదటిసారి వచ్చేవాళ్లు మహానందికి బస్సు ఎక్కడ ఎక్కాలో, ఎగువ అహోబిలం గుడి ఎప్పుడు మూస్తారో ముందే కనుక్కుని వస్తారు. తిండి సంగతికి వచ్చేసరికి మాత్రం హైవే పక్కన కనిపించిన ‘రాయలసీమ రుచులు’ బోర్డే దిక్కవుతుంది. లోపల రాగి సంగటి, నాటుకోడి పులుసు. తిని బయటికొచ్చి సీమ తిండి రుచి చూశామని తృప్తిపడతారు. అదే బోర్డు, అదే సంగటి, అదే పులుసు హైదరాబాదులోనూ బెంగళూరులోనూ దొరుకుతున్నప్పుడు వాటికోసం కుందూ నది గట్టుదాకా రావాల్సిన పని లేదు. రాగి సంగటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. చిత్తూరు, కడప, అనంతపురం ఎర్రనేలల్లో అది తరతరాల ఇంటి కూడు. అయితే నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ వరకు సుమారు నలభై కిలోమీటర్ల దారికి అటూ ఇటూ ఎక్కువగా కనిపించేది నల్లరేగడి. ఈ నేల ముందు పెట్టిన తిండి జొన్న, దాని వెనకే కొర్ర. ఊరికి కొత్తవాళ్లు వంటకం పేరు పట్టుకుని తిరిగితే ఇక్కడి పాత తిండి దొరకదనీ, ఏ గింజ, ఏ వేళ, ఎవరి చెయ్యి అని అడుగుతూ పోతే దొరుకుతుందనీ నా వాదన.

ముందు గింజ సంగతి. నల్లరేగడి వానను తాగి నెలల తరబడి లోపల పట్టి ఉంచుకుంటుంది. వానాకాలం చివర్లో వేసిన జొన్న ఆ నిలవ పదునుతోనే ఎదిగి చలికాలంలో కంకి వేస్తుంది. గింజ మనిషికి, చొప్ప ఎద్దుకూ బర్రెకూ. రొట్టె పక్కన గడ్డపెరుగు ఉందంటే అది కూడా ఆ చొప్ప తిన్న బర్రె చలవే. కొర్ర మూడు నెలల్లో చేతికొస్తుంది, పత్తి సాళ్ల మధ్యన సర్దుకుంటుంది, వాన మొహం చాటేసిన ఏడాది కూడా రైతును పూర్తిగా వట్టి చేతులతో పంపదు. 1906లో మొదలైన నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం ఈ పంటల మీదే పేరు తెచ్చుకుంది. నంద్యాల తెల్ల జొన్న పేరు మీద వచ్చిన ఎన్‌టీజే రకాలు, సూర్యనంది, కృష్ణదేవరాయ అనే కొర్ర రకాలు అక్కడ పుట్టినవే. ఇంటి తిండిగా వరి వీటి తర్వాత వచ్చిన చుట్టం. 1863లో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వడం మొదలుపెట్టి, నష్టాల్లో మునిగాక 1882లో ప్రభుత్వం కొనుక్కున్న కర్నూలు–కడప కాలువ నంద్యాల పొలాలకు తుంగభద్ర నీళ్లు తెచ్చింది. కాలువ కింద వరి నిలదొక్కుకుంది. ఇవాళ సోనా బియ్యానికి నంద్యాల పేరున్న ఊరే. అయినా కాలువ నీళ్లు ఎక్కని మెరక చేలు జొన్నను, కొర్రను, శనగను వదల్లేదు. అందుకే ఒక ఊళ్లో ఏం తినేవాళ్లో తెలియాలంటే ఆ ఊరికి కాలువ ఉందా లేదా అని అడిగితే సగం తెలిసిపోతుంది.

ఇక చెయ్యి. జొన్న రొట్టె చూడ్డానికి ఏముంది అనిపిస్తుంది: పిండి, నీళ్లు, నిప్పు. కష్టమంతా గోధుమలో ఉండే గ్లూటెన్ జొన్నలో లేకపోవడంలో ఉంది. గోధుమ పిండి లాగితే సాగుతుంది, జొన్నపిండి విరిగిపోతుంది. చన్నీళ్లతో కలిపి కర్రతో వత్తబోతే అంచులు నెర్రెలిస్తాయి. ఆ లోటును రొట్టెలు చేసే ఆడవాళ్లు తెర్లే ఎసరుతోనూ అరచేతితోనూ పూడుస్తారు. పిండి మధ్యన గుంట చేసి ఎసరు పోసి కట్టెతో కలుపుతారు. ఆ వేడికి పిండిలో కొంత భాగం అక్కడికక్కడే ఉడికి జిగురు పుడుతుంది. చెయ్యి ఓర్చుకునే వేడికి దిగగానే ఒక్క రొట్టెకు సరిపడా ముద్ద తీసుకుని, అరచేతి మడమతో పీటకేసి రాస్తూ పిసుకుతారు. పిండినంతా ఒకేసారి పిసికి పక్కన పెట్టరు. ఆరితే జిగురు చచ్చిపోతుంది. తర్వాత పొడిపిండి చల్లి, ముద్దను కాస్త ఒత్తి, కుడి అరచేత్తో తట్టడం మొదలుపెడతారు. తట్టిన ప్రతిసారీ రొట్టె తనంతట తనే కొంచెం తిరుగుతుంది. ఎడమ చెయ్యి అంచును కాస్తూ పగులు కనిపించగానే లోపలికి నొక్కేస్తుంది. మధ్య భాగం, అంచు ఒకే మందంలో రావడం దగ్గరే ఏళ్ల అనుభవం బయటపడేది. పెనం మీద వేశాక పైకొచ్చిన పొడిపిండి వైపు తడిగుడ్డతో తుడుస్తారు. ఆ తడి పొడిపిండిని మాడనివ్వదు, పైపొర తొందరగా ఎండి పగలకుండా కూడా కాపాడుతుంది. తడి ఇంకగానే తిరగేస్తారు. చివరికి నిప్పుల వారగా నిలబెడితే లోపలి ఆవిరి రెండు పొరలనూ విడదీసి రొట్టెను పొంగిస్తుంది.

ఇదంతా ఇంత వివరంగా చెప్పడం కొత్తవాళ్లకు పరీక్ష ఎలా పెట్టాలో తెలియడం కోసమే. పొంగి రెండు పొరలైన రొట్టె అంటే ఎసరు సరిగా పడిందని, పిండి తాజాదని. నాలుక చివర చిరుచేదు తగిలితే పిండి నిలవది. జొన్నగింజలో ఉండే కొవ్వు పిండి పట్టాక గాలికి తొందరగా చెడుతుంది. చల్లారాక కూడా రుమాలులా మడత పడుతూనే ఉందంటే అందులో గోధుమపిండో మైదానో కలిసిందని అనుమానించాలి. పెనం దిగిన కాసేపటికి బిరుసెక్కే రొట్టే నిజాయితీ గలది. కాబట్టి తాజా పిండి ఎవరి దగ్గర ఉంటుందో తెలుసుకోవడమే కొత్తవాళ్ల మొదటి పని. అది హోటల్ మేనేజరుకు తెలియదు, ఆటో డ్రైవరుకు కొంత తెలుస్తుంది, పిండిమర ఆడించేవాళ్లకు బాగా తెలుస్తుంది. జొన్నలు రోజూ ఎవరు పట్టించుకుపోతారో, వాళ్ల పొయ్యి ఏ వీధి మలుపులో ఉంటుందో మర దగ్గర అడిగితే చెబుతారు. సాయంత్రం పూట ఇంటి అరుగు మీదో రోడ్డు వారనో పొయ్యి పెట్టి రొట్టెలు చేసి అమ్మే ఆడవాళ్లు సీమ పట్టణాల్లో చాలామందే ఉన్నారు. వాళ్లకు బోర్డులుండవు. ‘పిండి ఎప్పుడు ఆడించినావక్కా?’ అని అడిగితే కోపగించుకోరు; ఆ ప్రశ్న వేసేవాళ్లకు తిండి తెలుసని సంతోషిస్తారు కూడా.

రొట్టెకు జత ఏమిటన్నది కూడా గింజ నుంచే వస్తుంది. జొన్నకు సొంత తీపి తక్కువ, పొడితనం ఎక్కువ. అందుకే పక్కన నూనె ఉన్నదో పులుపు ఉన్నదో కావాలి. బుడ్డలు వేయించి, పచ్చిమిరపకాయ, చింతపండు, తెల్లగడ్డ వేసి రోట్లో నూరిన ఊరిమిండి, బ్యాళ్లతో కలిపి ఎనిపిన పుంటికూర పప్పు, నువ్వులు, బుడ్డలు నూరి కూరిన గుత్తి వంకాయ, మటిక్కాయ తాళింపు. బుడ్డలంటే వేరుశనగలని, పుంటికూరంటే గోంగూరని, మటిక్కాయంటే గోరుచిక్కుడని కోస్తా నుంచి వచ్చినవాళ్లకు చెప్పాలి. ఊరిమిండి మిక్సీలో వేస్తే మెత్తటి పేస్టయి రొట్టె మీద జారిపోతుంది. రోట్లో నూరితే బుడ్డ పలుకులు పంటికి తగులుతాయి, నూనె కొంచెం కొంచెంగా ఊరుతుంది. కొర్ర విషయంలో మెళకువ మరోటి. కొర్రన్నానికి బియ్యం కంటే ఎక్కువ నానుడు, ఎక్కువ ఎసరు కావాలి. తొందరపడితే గింజ పైన ఉడికి లోపల పలుకుగా ఉండిపోతుంది. బజారులో కొనేటప్పుడు లేత పసుపు రంగులో ఉన్న కొర్రబియ్యం తీసుకోవాలి. మరీ తెల్లగా మెరుస్తున్నాయంటే తవుడంతా పాలిష్‌లో పోయినట్టే, ఇక వాటికీ రేషన్ బియ్యానికీ పెద్ద తేడా ఉండదు.

వేళ అన్నాను కదా, దాని బలం పొద్దున్నే తెలుస్తుంది. కర్నూలు, నంద్యాల, అనంతపురం, అటు బళ్లారి వరకు పొద్దుటి పూట ఉగ్గాని బజ్జీదే రాజ్యం. బొరుగులను నీళ్లలో వేసి, మునిగీ మునగకముందే తీసి గుప్పిట్లో పిండుతారు. నాలుగు క్షణాలు ఎక్కువ నానితే ముద్దవుతుంది, తక్కువైతే గొంతు పట్టుకుంటుంది. ఎర్రగడ్డ, పచ్చిమిరప, పసుపుతో తాళింపు వేసి, చివర పప్పులపొడి చల్లుతారు. ఆ పొడి రుచికి మాత్రమే కాదు, బొరుగుల్లో మిగిలిన తడిని పీల్చి దేనికది విడివిడిగా ఉంచుతుంది. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే. పది గంటలకల్లా బండి కడిగేస్తారు. పదకొండింటికి లేచి ఉగ్గాని ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్లకు దొరికేది చల్లారిన ఉప్మా. తిండి అంటే వంటకం పేరు ఒక్కటే కాదన్న సంగతి ప్రపంచంలో మరికొన్ని చోట్ల గ్రహించారు. మలేషియాలో నాసి లెమాక్, రోటీ చనాయ్, తే తారిక్‌లతో గడిచే ఉదయపు ఫలహార సంస్కృతిని యునెస్కో 2024లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. సింగపూర్ అంగళ్ల తిండికి 2020లోనే ఆ గౌరవం దక్కింది. రెండు చోట్లా గౌరవం ఒక వంటకానికి దక్కలేదు. నానా జాతుల వాళ్లు ఒకే చోట కలిసి కూర్చుని తినే అలవాటుకు దక్కింది. కౌలాలంపూర్‌కు మొదటిసారి వెళ్లి పెద్ద హోటల్లో మలయ్ భోజనం వెతికేవాళ్లూ, నంద్యాలలో ఏసీ హాలులో సీమ భోజనం వెతికేవాళ్లూ చేసే పొరపాటు ఒక్కటే.

వేళ అంటే గడియారం ఒక్కటే అనుకోకూడదు, పంచాంగం కూడా. నువ్వులద్దిన సజ్జ రొట్టె భోగినాటిది. ఉగాదికి భక్ష్యాలు, కొందరి నోట ఓళిగలు. ఆ రోజు శనగబ్యాళ్లు ఉడికించి వంచిన కట్టుతో కాచే చారు హోటళ్ల మెనూలో ఎన్నడూ కనిపించదు, ఎందుకంటే భక్ష్యాలు చేయని రోజున ఆ కట్టు ఉండదు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల మరో పెద్ద సందర్భం అహోబిలం నరసింహస్వామి పార్వేట. కనుమతో మొదలై నలభై రోజులకు పైగా స్వామి పల్లకి ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతుంది. చెంచులక్ష్మితో తన పెళ్లికి రమ్మని స్వామే ఊరూరా వచ్చి పిలుస్తాడని నమ్మకం. పల్లకి దిగిన ఊళ్లో ఆ రోజు తిరునాళ్లే. ప్రతి ఇంటికీ చుట్టాలు వస్తారు, పొయ్యి ఆరదు. కొత్తవాళ్లు ఫిబ్రవరిలో వస్తే హోటళ్ల జాబితా పక్కన పెట్టి ఆ రోజు పల్లకి ఏ ఊళ్లో ఉందో కనుక్కోవడం మేలు.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. జొన్న, కొర్ర ఇక్కడివాళ్లు ఇష్టపడి తిన్నవి కావనీ, వరి దొరకని రోజుల్లో గతిలేక తిన్నవనీ, చేతిలో డబ్బు పడగానే జనం వాటిని సంతోషంగా వదిలేశారనీ అంటారు. ఇందులో నిజం చాలా ఉంది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక పేదింట్లో అన్నం కుండ పొయ్యెక్కిందంటే అది ఆ ఇంటికి గౌరవంగానే తోచింది. పైగా కొర్రలు దంచడం, జొన్నలు తిరగట్లో విసరడం, పొగలో కూర్చుని రొట్టెలు తట్టడం మొత్తం ఆడవాళ్ల నడుము మీద పడిన చాకిరీ. దాన్ని వదిలించుకోవడం తప్పని చెప్పే హక్కు, వారానికోసారి సరదాగా రొట్టె తినేవాళ్లకు లేదు. కానీ గతిలేని తిండి అన్న ముద్ర గింజకు అంటగట్టడం న్యాయం కాదు. 1866 కరువులో కోయిలకుంట్ల, ఆళ్లగడ్డల మధ్యనున్న ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి తన ధాన్యం తీసి వేలమంది ఆకలి తీర్చాడు. కరువు సీమలో ఒక ఇంటి దగ్గర పంచడానికి ధాన్యం ఉండడమన్నది చిన్న సంగతి కాదు. తక్కువ నీటితో పండే పైరు, పాతరలో దాచుకునే అలవాటు ఉన్న సేద్యంలో సీమవాసులు కరువును ఎదుర్కొనే తెలివి ఉంది. చాకిరీ వేరు, ఆ తెలివి వేరు. కొర్రలు ఆడే యంత్రాలు, కరెంటు పిండిమరలు చాకిరీని చాలావరకు తీసేశాయి. తట్టడం ఒక్కటే ఇంకా చేతి పని. ఆ చేతికి తగిన డబ్బు ఇస్తే అది చాకిరీ కాదు, వృత్తి. సాయంత్రం పొయ్యి పెట్టుకున్న ఆడవాళ్లు చేస్తున్నది అదే.

అసలు ఏది పాతది అని అడిగేవాళ్లు ఇంకొందరు. మిరపకాయ పోర్చుగీసువాళ్ల ఓడల వెంట వచ్చింది, బుడ్డలు సీమలో విస్తారంగా పండటం మొదలై నూటయాభై ఏళ్లు కూడా కాలేదు. మరి ఊరిమిండిని సంప్రదాయం అనడం ఎలా? ఇది తెలివైన ప్రశ్నే. జవాబు మాత్రం ప్రశ్నలోనే ఉంది: దినుసు ఎక్కడి నుంచి వచ్చినా రోలు ఇక్కడిది, రొట్టె పొడితనానికి నూనె, పులుపు జత చేయాలన్న ఆలోచన ఇక్కడిది. కొత్త దినుసు పాత పద్ధతిలో ఇమిడిపోయింది. ఇదే లెక్కన బిరియానీని పరాయిదని తోసేయడం కూడా కుదరదు. బనగానపల్లె 1948 వరకు నవాబుల సంస్థానం. నంద్యాలలో ముస్లిం కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. పెళ్లి బిరియానీ, రంజాన్ నాటి షీర్ ఖుర్మా ఈ ఊరి సొంత తిండ్లే, నాటుకోడి పులుసుకు ఎంత హక్కుందో వాటికీ అంతే. నా పట్టుదల అంతా గింజ, వేళ, చెయ్యి మీదే. మతం మీదా కులం మీదా కాదు. నల్లమల చెంచుల తేనె, గడ్డలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి, కాకపోతే అవి బజారుకు వచ్చేది బహు తక్కువ.

హోటళ్లు లేకపోతే ఈ మాత్రం పేరు కూడా మిగిలేది కాదని హోటలువాళ్లు అంటారు. కొంతవరకు ఒప్పుకోవాల్సిందే. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక కొర్రన్నం, జొన్న రొట్టె మెనూల్లోకి మళ్లీ ఎక్కాయి. కానీ ఒకే వంటగది నుంచి రోజంతా, ఏడాదంతా, ఎన్ని ప్లేట్లయినా పెట్టాలన్నది హోటల్ లెక్క. ఎసరు ఆరకముందే తట్టాల్సిన రొట్టె ఆ లెక్కకు లొంగదు. అందుకే కర్రతో వత్తేలా గోధుమపిండి కలుపుతారు, లేదా పొద్దున చేసి మధ్యాహ్నం వేడి చేసి పెడతారు. రాగి సంగటి ఒక్కసారి కెలికి పెట్టుకుంటే పూటంతా గడుస్తుంది. బోర్డుల మీద జొన్నను వెనక్కి నెట్టి సంగటి ముందుకు రావడానికి రుచి ఎంత కారణమో ఈ సౌకర్యం కూడా అంతే కారణమని నా అనుమానం. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆళ్లగడ్డ శిల్పాలకూ ఉంది. రొట్టెకు అలాంటి ముద్ర అక్కర్లేదు. ముద్ర పడితే ప్యాకెట్లో పెట్టి అమ్ముతారు.

నంద్యాల, ఆళ్లగడ్డ హోటల్ యజమానులకు ఒక విన్నపం. ‘రాయలసీమ రుచులు’ అన్న బోర్డు అలాగే ఉండనివ్వండి. దాని కింద ఆ రోజు వండిన గింజ పేరు, అది పండిన ఊరి పేరు, పిండి పట్టించిన రోజు సుద్దముక్కతో రాయండి. సాయంత్రం రెండు గంటలు ముందు వరండాలో ఒక పొయ్యి పెట్టి, మీ వీధిలోనే రొట్టెలు చేసే ఒక అక్కకు చోటివ్వండి, రొట్టె లెక్కన కాకుండా పూట లెక్కన కూలి కట్టివ్వండి. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు అప్పుడు మీ దగ్గరే తింటారు, ఇంకొకరిని దారి అడగరు.